నివాసనియమములును బిడ్డల మనోవర్తియును

దాంపత్యవిచ్ఛేద వ్యాజ్యము న్యాయస్థానమును చేరగానే పుట్టు మొదటి ప్రశ్న తప్పెవరిదని కాదు, ఎవ రెక్కడ నివసించుచున్నారని. దరఖాస్తు మొదటి పుటలో ఒక పంక్తిగ ముగియు ఈ ప్రశ్న మిక్కిలి సామాన్యముగ కనబడునుగాని, వివాహము రద్దగుట, బిడ్డ యెవరియొద్ద పెరుగుట, ఆ బిడ్డ యన్నవస్త్రములకును చదువునకును ఎవ రెంత యిచ్చుట అను మూడు నిర్ణయములును దానిమీదనే యాధారపడి యున్నవి; పైగా ఈ మూడింటికిని చట్టము చూచు నివాసము ఒక్కటి కాదు. విడాకులకు భార్యాభర్తలలో నొకరి నివాసము, సంరక్షణకు బిడ్డ నివాసము, మనోవర్తికి ఒక దేశమున పుచ్చుకొనువారి నివాసము, మఱియొక దేశమున ఇచ్చువాని నివాసము ముఖ్యములు. ఈ భేదము నెఱుగక, ఒకచోట డిక్రీ సంపాదించి అది యంతటను చెల్లునని నమ్మినవారును, అధికారమే లేని న్యాయస్థానమున ఏండ్లతరబడి వాదించి అలసినవారును తెలుగు కుటుంబములలో తక్కువమంది కారు. అట్టి వ్యాజ్యములలో గెలిచినదెవరైనను, గడచిన కాలమంతయు పోషణ లేక నష్టపోయినది బిడ్డలే కావున, ఈ నియమములను ఒక్కచోట చేర్చి పరిశీలించుట యవసరమని తోచుచున్నది.

మన దేశమున హిందూ దంపతులకు వర్తించు 1955 నాటి వివాహచట్టమున, ఇన్ని మాసములు నివసించిననేగాని దావా వేయరాదను కాలనియమము లేదు. వివాహము జరిగిన యూరు, ప్రతివాది నివసించు నూరు, దంపతులు కడపట కలిసి కాపురముండిన యూరు, వీనిలో నేదేని యొకదానిపై నధికారముగల న్యాయస్థానమున దరఖాస్తు చేసికొనవచ్చును. ప్రతివాది దేశము వెలుపల నున్నచో వాది తానున్న చోటనే చేసికొనవచ్చును. ఐనను భార్యకు ఇది చాలకాలము చాలలేదు. అత్తవారిల్లు విడిచి పుట్టింట చేరిన స్త్రీ, పెండ్లియు కాపురమును భర్తగారి యూరనే జరిగియుండిన యెడల, విడాకులకై మరల ఆ యూరికే పోయి, ఆ బంధువుల కన్నుల యెదుటనే బోనెక్కవలసి వచ్చెడిది. భార్య వాదియైనచో ఆమె నివసించుచున్న చోటనే దావా వేయవచ్చునని 2003 నాటి సవరణ చేర్చినది. ప్రయాణభారము నెవరిపై మోపవలయునను ధర్మవిచారము నివాసనియమములో నిమిడి యున్నదని మన శాసనకర్తలు స్పష్టముగ గుర్తించిన సందర్భ మది.

తెలుగువారికి ఈ విషయమున ఇటీవల ఒక క్రొత్త చిక్కు వచ్చినది. 2019 జనవరి 1 నుండి తెలంగాణమునకు హైదరాబాదునను, ఆంధ్రప్రదేశమునకు అమరావతిలోను వేర్వేరు ఉన్నతన్యాయస్థానములు పనిచేయుచున్నవి. హైదరాబాదులో భర్త వేసిన వ్యాజ్యమును తన పుట్టినిల్లయిన గుంటూరునకు మార్పించుకొనగోరు భార్యకు ఉమ్మడి హైకోర్టున్న దినములలో ఆ హైకోర్టే చాలెడిది. నేడు అది రెండు రాష్ట్రముల నడుమ బదిలీ యగుటచేత, సివిల్ ప్రొసీజరు కోడు 25 వ సెక్షను క్రింద ఢిల్లీలోని సుప్రీంకోర్టునకే పోవలయును. ఇట్టి బదిలీ దరఖాస్తులలో భార్యయొక్కయు పసిబిడ్డయొక్కయు సౌకర్యమునకు ప్రాధాన్యమిచ్చు సంప్రదాయము అచ్చట స్థిరపడియే యున్నది. కాని బస్సులో కొన్ని గంటల దూరముననున్న రెండు పట్టణముల నడుమ తగవునకు ఢిల్లీలో వకీలును పెట్టుకొనవలసిన తల్లి, ఆ యుత్తరువు వచ్చులోపల బిడ్డ బడిజీత మెట్లు కట్టునను ప్రశ్న రాష్ట్రవిభజన చట్టమును వ్రాసినవారికి తట్టియుండదు.

బిడ్డ సంరక్షణకు వచ్చుసరికి చట్టపు దృష్టి తలిదండ్రులనుండి బిడ్డవైపునకు మరలును. 1890 నాటి సంరక్షకుల చట్టము 9 వ సెక్షను ప్రకారము, మైనరు సామాన్యముగ నివసించుచున్న చోటి జిల్లా న్యాయస్థానమునకే అధికారము కలదు. విజయవాడలో పుట్టి పెరిగిన ఆఱేండ్ల బాలుని, తగవు వచ్చిన మఱునాడే రైలెక్కించి బెంగుళూరు చేర్చినంతమాత్రమున బెంగుళూరు అతనికి సామాన్యనివాసము కాజాలదు; అట్లని తల్లితో కొన్ని యేండ్లు అచ్చటి బడిలో చదివి, అచ్చటి నేస్తులతో పెరిగిన పిమ్మట, విజయవాడయే అతని నివాసమని తండ్రి వాదించినను నిలుచుట కష్టము. ఈ రెండింటి నడుమ ఎచ్చట గీత గీయవలయునో చట్టము చెప్పదు. సాక్ష్యమునుబట్టి న్యాయమూర్తి నిర్ణయించును. అయిదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగ తల్లియొద్దనే యుండవలయునని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము చెప్పుచున్నది. బిడ్డ క్షేమమే పరమప్రమాణమనియు అదే చట్టపు 13 వ సెక్షను శాసించుచున్నది. ఈ పరమప్రమాణము అధికారనిర్ణయము ముగిసిన పిమ్మటగాని విచారణకు రాదు. అప్పటి కొక్కొకప్పుడు బిడ్డ రెండు తరగతులు దాటి యుండును.

మనోవర్తి విషయమున మన చట్టము చూపిన కరుణ ప్రశంసనీయము. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో 125 వ సెక్షనుగ నుండి, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 వ సెక్షనుగ మారిన నియమము క్రింద, భర్త యున్నచోటనేగాక భార్య నివసించుచోటను దరఖాస్తు వేయవచ్చును. మతభేదము లేక అన్ని కుటుంబముల బిడ్డలకును ఇది వర్తించును. ముస్లిము తల్లియొద్దనున్న బిడ్డలకు సయితము తండ్రినుండి ఈ సెక్షను క్రింద పోషణ రాబట్టు హక్కు కలదని 1997 లో సుప్రీంకోర్టు నిర్ధారించినది. గృహహింసనుండి స్త్రీల రక్షణకై 2005 లో వచ్చిన చట్టము ఇంకను ముందునకు పోయి, ఆమె తాత్కాలికముగ తలదాచుకొన్న చోటి మెజిస్ట్రేటునకు కూడ అధికార మిచ్చినది. నెలకు 500 రూపాయలకు మించరాదను పాత పరిమితి 2001 లో తొలగినది. మధ్యకాలపు మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవరకు తేల్చవలయునను నియమమును ఆ యేటనే వచ్చినది.

నియమములు మంచివే. ఆచరణమో, ఏ కుటుంబన్యాయస్థానపు వరండాలో నొకపూట కూర్చుండినను తెలియును. సమనులు అందలేదని కొన్ని వాయిదాలు, కౌంటరు దాఖలు కాలేదని కొన్ని, తండ్రి జీతపుచీటీ తేలేదని మఱికొన్ని గడచిపోవును. ఈ జాప్యమునకు మందుగ సుప్రీంకోర్టు 2020 నవంబరు 4 న నొక ముఖ్యమైన తీర్పు నిచ్చి, ఉభయపక్షములును తమ ఆస్తులను, అప్పులను, ఆదాయమును ప్రమాణపత్రముతో వెల్లడింపవలయుననియు, వేర్వేరు చట్టముల క్రింద వచ్చిన మనోవర్తిని ఒకదానితో నొకటి సరిచూడవలయుననియు, అన్నిటికంటె ముఖ్యముగ మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీనుండియే లెక్కింపవలయుననియు ఆదేశించినది. అంతకుముందు ఒక న్యాయస్థానము ఉత్తరువు తేదీనుండి, ఒకటి దరఖాస్తు తేదీనుండి ఇప్పించుట వాడుకగ నుండుటచేత, వ్యాజ్యమును సాగదీయుటయే తండ్రికి లాభముగ నుండెడిది.

ఎంత యీయవలయుననుటకు మాత్రము మనకు పట్టిక లేదు. తండ్రి సంపాదన, తల్లి సంపాదన, బిడ్డ అంతవరకు అనుభవించిన జీవనస్థితి చూచి న్యాయమూర్తి తన విచక్షణతో నిర్ణయించును. వ్యవసాయము, చిల్లర వ్యాపారము, చిట్టీలు, అద్దెలు కలగలిసిన ఆదాయములకు పట్టిక కుదురదను వాదములో కొంత సత్యము లేకపోలేదు. కాని ఒకే జీతముగల ఇద్దరు ఉద్యోగుల బిడ్డలకు రెండు జిల్లాలలో రెండు విధములుగ మనోవర్తి వచ్చుట న్యాయమని సమర్థింపజాలము. ఇక వసూలు సంగతి. చెల్లింపనివానిపై వారంటు పుట్టించి, ఒక్కొక్క నెల బాకీకి ఒక నెలవరకు ఖైదు విధింపవచ్చును. బాకీపడిన యేడాదిలోపల కదలకున్న ఆ వారంటు హక్కును పోవును. జగిత్యాలలోనో రాయచోటిలోనో ఉత్తరువు పొందిన తల్లికి, భర్త గల్ఫు దేశమున పనిలోనున్నయెడల, ఈ వారంటు కాగితముగనే మిగులును. అతనిపేర స్వగ్రామమున భూమియో ఇల్లో ఉండిన జప్తునకు వీలగును, లేనిచో అతడు సెలవుపై వచ్చువరకు కాచుకొనవలసినదే.

ఇక అమెరికా సంయుక్తరాష్ట్రములు. మనవారి వ్యాజ్యములు పెక్కు ఇటు తిరుపతి, హైదరాబాదులకును అటు డల్లాసు, న్యూజెర్సీలకును నడుమ నూగులాడుచున్నందున వానిని కొంత నిలిచి చూడవలయును. అక్కడ విడాకులచట్టము రాష్ట్రమున కొక్కటి. ప్రతి రాష్ట్రమును తన న్యాయస్థానములను వాడుకొనుటకు తన నివాసకాలమును తాను నిర్ణయించుకొన్నది. టెక్సాసులో రాష్ట్రమున ఆఱు మాసములు, కౌంటీలో 90 దినములు. కాలిఫోర్నియాలో రాష్ట్రమున ఆఱు మాసములు, కౌంటీలో మూడు మాసములు. 1931 లో నెవాడా రాష్ట్రము ఈ గడువును ఆఱు వారములకు దించగా, దేశపు నలుమూలలనుండి విడాకులు కోరువారు రీనో పట్టణమునకు పోయి, ఆ ఆఱు వారములు బసచేసి డిక్రీతో మరలెడివారు. సంవత్సరము నివసింపవలెనను ఐయోవా రాష్ట్రపు నియమమును 1975 లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించినది. తనతో నిజమైన సంబంధము లేనివారి దాంపత్యమును రద్దుచేయకుండుట యే రాష్ట్రమునకైన ఉచితమేయని దాని భావము. వీసా తాత్కాలికమైనంత మాత్రమున మనవారి నివాసమునకు సాధారణముగ భంగము రాదు. వాస్తవముగ నచ్చట ఇల్లు పెట్టుకొని యుండుటయే ప్రధానము.

ఐతే నివాసకాలము నిండిన మాత్రమున ఆ న్యాయస్థానమునకు సర్వాధికారము వచ్చునని యనుకొనుట పొరపాటు. 1948 లోనే అమెరికా సుప్రీంకోర్టు, నెవాడా డిక్రీ వివాహబంధమును తెంచగలదుగాని, న్యూయార్కులో మిగిలిపోయిన భార్యకు అంతకుముందు వచ్చిన భరణపుహక్కును తుడిచివేయజాలదని తీర్పుచెప్పినది. బంధవిముక్తి వేఱు, ధనబాధ్యత వేఱు అను ఈ విభజన ఈ యావత్ప్రశ్నకును తాళపుచెవి యని నా విశ్వాసము.

మన సుప్రీంకోర్టు ముందునకు 1991 లో వచ్చిన వ్యాజ్యము అచ్చముగ తెలుగువారిదే. 1975 లో తిరుపతిలో పెండ్లియాడిన దంపతులు కొలది యేండ్లకే విడిపోయిరి. తిరుపతిలోనే మొదట దరఖాస్తు వేసిన భర్త, తరువాత అమెరికాలో మిస్సోరీ రాష్ట్రమున 90 దినములు నివసించితినని చెప్పి, సెయింట్ లూయీ కౌంటీ న్యాయస్థానమున 1980 లో విడాకుల డిక్రీ పొందెను. భార్య ఆ న్యాయస్థానపు అధికారమును అంగీకరింపక తన యభ్యంతరమును తెలిపియే యుండెను. మఱుసటి యేట భర్త యాదగిరిగుట్టలో ద్వితీయ వివాహము చేసికొనగా, ఆమె ద్విభార్యాత్వనేరము మోపినది. ఆ 90 దినముల నివాసము విడాకులకొఱకే సాంకేతికముగ నింపబడినదనియు, దంపతులు ఏ చట్టము క్రింద వివాహమాడిరో ఆ చట్టము గుర్తించు అధికారమును, అది యొప్పుకొను కారణమును లేని విదేశీ డిక్రీ ఇచ్చట చెల్లదనియు న్యాయస్థానము నిర్ణయించినది. ప్రతివాది యా దేశముననే స్థిరముగ నివసించుచు ఇచ్చటి చట్టమునకు సమ్మతమైన కారణముపై డిక్రీ వచ్చినను, ప్రతివాది తనంత తాను ఆ న్యాయస్థానమునకు లోబడి వాదించినను, విడాకులకు సమ్మతించినను మాత్రము దానిని గౌరవింతుమని మినహాయించినది. నోటీసు రాగానే దానిని చించి పారవేసి ఊరకుండు తల్లిదండ్రులు గాని, తెలియక వకాలతునామాపై సంతకముచేయు కూతురు గాని ఈ తీర్పులోని ప్రతి పదమును తెలిసికొనవలసి యున్నది. ఏలయనగా లోబడుటకును అభ్యంతరము తెలుపుటకును గల యంతరమే అందు గెలుపోటములను నిర్ణయించినది.

బిడ్డ సంరక్షణపై అమెరికాలో 1997 లో రూపొందిన ఏకరూప శాసనమును దాదాపు అన్ని రాష్ట్రములును స్వీకరించినవి. వ్యాజ్యము ప్రారంభమగుటకు ముందు బిడ్డ తల్లితోనో తండ్రితోనో ఎడతెగక ఆఱు మాసములు నివసించిన రాష్ట్రమే ఆ బిడ్డకు స్వరాష్ట్రము; సంరక్షణ నిర్ణయించు ప్రథమాధికారము దానిదే. నడుమ సెలవులకు పోయివచ్చిన తాత్కాలిక గైరుహాజరు లెక్కకు రాదు. ఒకరు బిడ్డతో వెడలిపోయినను, రెండవవారు అచ్చటనే యున్నంతవరకు ఆఱు మాసములు ఆ రాష్ట్రపు అధికారము నిలిచియుండును. పరదేశమునుగూడ ఒక రాష్ట్రమువలెనే చూడవలయునని ఈ శాసనము చెప్పుచుండుట మనవారిలో చాలమందికి తెలియదు. ఉభయుల యిష్టముతో హైదరాబాదు వచ్చి, అమ్మమ్మగారింట ఉండి ఆఱు మాసములకు పైగా బడికిపోవుచున్న బిడ్డకు, అమెరికా చట్టపు దృష్టిలోనే, భారతదేశము స్వస్థానము కావచ్చును. వేసవి సెలవులని చెప్పి తీసికొనివచ్చి తిరుగు ప్రయాణపు టికెట్టును రద్దుచేసిన యెడల మాత్రము, తండ్రి ఆఱు మాసములలోపల అచ్చట దావా వేసినచో, అధికారము అచ్చటనే యుండును.

ఇట్లు వచ్చిన బిడ్డలను తిరిగి పంపవలయునా యను విషయమున మన సుప్రీంకోర్టు తీర్పులు ఒకే త్రోవను నడువలేదు. 1984 లో బిడ్డకు సన్నిహితసంబంధముగల దేశపు న్యాయస్థానమునకే ప్రాధాన్యమనెను. 2015 లో మొదట ఉత్తరువిచ్చిన విదేశీ న్యాయస్థానమును గౌరవింపవలయుననెను. 2017 లో అట్టి గౌరవముకంటె బిడ్డ క్షేమమే అధికమని, అది యిచ్చటనే విచారింపవచ్చుననెను. 2019 లో పెన్సిల్వేనియాలో పుట్టి పెరిగిన బిడ్డల విషయమున, తల్లి వారిని హైదరాబాదు తెచ్చినను సామాన్యనివాసము ఇచ్చటికి మారలేదని, తిరిగి పోవలయుననెను. ఒక్కొక్క తీర్పునకు దాని సందర్భము కలదు. కాని ముందుగ తెలిసికొనదగిన నియమము లేకపోవుటచేత, ప్రతి తల్లియు ప్రతి తండ్రియు తమ సందర్భమే మినహాయింపని యాశించి విమానమెక్కుచున్నారు. బాలాపహరణపు 1980 నాటి హేగు ఒడంబడికలో మన దేశము చేరలేదు. లా కమిషను 2009 లో చేరుమనెను, 2016 లో చట్టపు ముసాయిదాను సవరించి యిచ్చెను, 2018 లో జస్టిస్ రాజేశ్ బిందాల్ సంఘము నివేదిక యిచ్చెను. హింసనుండి తప్పించుకొని పుట్టింటికి వచ్చిన తల్లిని అపహర్త్రిగ చూతురను భయము న్యాయమైనదే. కాని ఆ భయమునకు సమాధానము ఒడంబడికలోని రక్షణలను పటిష్ఠము చేయుటలో నున్నదిగాని, నియమము లేకుండుటలో లేదు.

పోషణధనపు నిర్ణయమున అమెరికా మనకంటె స్పష్టమైనది. టెక్సాసులో తండ్రి నికరాదాయమున, నిర్ణీత పరిమితివరకు, ఒక బిడ్డకు 20 శాతము, ఇద్దరికి 25, ముగ్గురికి 30. న్యూయార్కులో ఉభయుల ఆదాయమును కలిపి ఒక బిడ్డకు 17 శాతము, ఇద్దరికి 25, దానిని వారివారి సంపాదనను బట్టి పంచుదురు. 1975 నుండి సమాఖ్యప్రభుత్వపు సహాయముతో ప్రతి రాష్ట్రమునను వసూలు శాఖ పనిచేయుచున్నది. జీతమునుండియే కోత జరుగును, మఱియొక రాష్ట్రపు యజమానికి సయితము కోత యుత్తరువు నేరుగ పోవును. గడువు దాటిన ప్రతి వాయిదాయు తీర్పువంటి బాకీయగునని, పాత బాకీని న్యాయమూర్తియు తగ్గింపరాదని 1986 నాటి సమాఖ్యచట్టము కట్టడిచేసినది. ఈ కడపటి నియమమును మన యువకులు ముఖ్యముగ తెలిసికొనవలయును. హెచ్-1బి వీసాపై చేయు ఉద్యోగము పోయినవానికి ఆ దేశమున నిలుచుటకు సాధారణముగ 60 దినముల గడువే యుండును. ఉద్యోగము పోయినదని పోషణధన మాగదు, దేశము విడిచినను ఆగదు. తగ్గింపునకు దరఖాస్తు వేసిననాటినుండియేగాని ఉపశమనము లేదు. ఒక్క విషయమున మాత్రము అక్కడను నివాసము అడ్డుపడును. పోషణధనము చెల్లించుమని శాసించుటకు చెల్లింపవలసినవానిపై ఆ రాష్ట్రమునకు అధికార ముండవలయును. బిడ్డలను తల్లియొద్దకు పంపినంతమాత్రమున, న్యూయార్కు తండ్రి కాలిఫోర్నియా న్యాయస్థానమునకు లోబడడని 1978 లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చినది.

ఇప్పుడు రెండు దేశముల నడుమ నున్న అగాధమును చూడుడు. మన మెజిస్ట్రేటు తల్లి నివాసమునుబట్టి ఉత్తరువిచ్చును. అమెరికా న్యాయస్థానము తండ్రి నివాసమునుబట్టి అధికారమును వెదకును. కరీంనగరములో వచ్చిన మనోవర్తి ఉత్తరువును డల్లాసులోని జీతముపై నేరుగ అమలుచేయు మార్గము లేదు. డల్లాసు డిక్రీని కరీంనగరములో నేరుగ అమలుచేయుటకును, సివిల్ ప్రొసీజరు కోడు 44-ఎ సెక్షను క్రింద అమెరికా పరస్పరప్రాంతము కానందున, వీలులేదు. దానిపై ఇచ్చట క్రొత్త దావా వేయవలయును, అదియు మూడేండ్లలోపల. పోషణధనమును దేశాంతరమునుండి రాబట్టుటకై 2007 లో హేగున వేఱొక ఒడంబడిక ఏర్పడినది. అమెరికాలో నది 2017 జనవరి 1 నుండి అమలులో నున్నది, మనమందు చేరలేదు. పరదేశమున నున్న తలిదండ్రులనుండి పోషణ రాబట్టుటకు ఒప్పందములు చేసికొనవలయునని బాలలహక్కుల ఒడంబడిక 27 వ అధికరణము చెప్పుచున్నది. దానిని మనము 1992 లోనే అంగీకరించితిమి.

బిడ్డలను తిరిగి పంపు ఒడంబడికపై మన సందేహములు తీరువరకు పోషణధనపు ఒడంబడికను సయితము ఆపియుంచవలసిన పనిలేదని నా దృఢాభిప్రాయము. మొదటిది తల్లికిని తండ్రికిని నడుమ వివాదము, దానికి రెండు పక్షములు కలవు. రెండవదానిలో బిడ్డకు విరుద్ధమైన పక్షమే లేదు. బిడ్డను చూడనీయలేదని డబ్బు ఆపుట, డబ్బు పంపలేదని చూడనీయకుండుట ఉభయదేశముల చట్టములకును విరుద్ధములు. ఐనను మన కుటుంబములలో, ఒక్కొక్కప్పుడు వకీళ్ల యాలోచనతోనే, అవి నిరాటంకముగ సాగుచున్నవి. ఒడంబడిక వచ్చులోపల తల్లి చేయదగినవి రెండు కలవు. తండ్రి నివసించు రాష్ట్రపు న్యాయస్థానమున ఆమె తానే పోషణకై దరఖాస్తు వేయవచ్చును. దానికామె అచ్చట నివసింపనక్కరలేదు. సంరక్షణ ఏ దేశమున తేలవలయునను వాదము ఎన్నేండ్లు సాగినను దానికై కాచియుండక, తానున్న యూరి మెజిస్ట్రేటు ముందు మనోవర్తి దరఖాస్తును వెంటనే దాఖలుచేయవచ్చును. బిడ్డకు రావలసిన సొమ్ము లెక్క ఆ కాగితముపై కోర్టు గుమాస్తా ముద్రవేసిన తేదీనుండియే మొదలగును.